కుండ దిగి చెప్పిన మాట

మా ఊరి గడి తలుపు తెరిస్తే ఆ మూలుగుకు పక్క ఊళ్లో పాలు విరిగేవి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా యాదలక్ష్మి ఒప్పుకోదు. "పాలు విరుగుడు కాదు చిన్నాయినా, గొర్లు బెదిరేటియి, గంతే" అంటుంది. ఆమె మా అన్న కూతురు. ఇప్పుడు ఆమెకే మనుమరాండ్రున్నారు. నేను కథ మొదలుపెడితే చాలు, అందులో సగం కోసి మిగతా సగం నమ్మమని ఆ పిల్లలకు చెబుతుంటుంది. అందుకని ఇందులో నేను ఎక్కడ ఎక్కువ చెప్పానో మీరే చూసుకోండి. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను. భయం సంగతి నేను పెంచలేదు. తగ్గించే రాస్తున్నాను.

మక్తల్ నుంచి నారాయణపేట పోయే బాటకు ఎడమచేతి దిక్కున, నల్లరాళ్ల గుట్ట కింద మా ఊరు. అవి నిజాము రాజ్యానికి చివరి రోజులు. చివరివని మాకు తెలియదు. మాకు తెలిసిన రాజ్యం మా దొర ఉండే కోటలాంటి ఇల్లు, ఆ గడి ఒక్కటే. గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలోకి వచ్చేవి, తల కిందికి పోయేది. దొర మీసం కొస మీద నిమ్మకాయ నిలబడుతుందని ఊరంతా చెప్పుకునేవారు. నిలబడేదో లేదో నాకు తెలియదు. ఆ మీసం దాకా తలెత్తి చూసిన మనిషి మా ఊళ్లో పుట్టలేదు.

మేము కురుమలం. మా అన్న ఐలేశం గొర్రెల మంద వెంట నడిచే మనిషి. గొర్రెలతో మాట్లాడీ మాట్లాడీ మనుషులతో మాట్లాడటం మరిచిపోయాడని నేను ఎగతాళి చేసేవాణ్ణి. మా వదిన బీరమ్మ దానికి పూర్తిగా ఎదురు. ఉన్ని వడుకుతూ కూర్చుంటే ఆమె చేతిలో కదురు ఎంత తిరిగేదో నోట్లో నాలుక అంత తిరిగేది. పైగా ఆమె శివసత్తి. అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చే మనిషి.

మా ఊరి దేవత ఈదమ్మ. ఏటా ఎండకాలం మొదట్లో ఈదమ్మ పండుగనాడు గుడి ముందర ఒక పచ్చి కుండ బోర్లిస్తారు. ఆవంలో కాల్చని కుండ అన్నమాట. శివసత్తి జుట్టు విరబోసుకుని దాని మీదికెక్కి నిలబడి అమ్మ మాట చెబుతుంది. అమ్మ నిజంగా వస్తే మనిషి బరువు కుండకు తగలదనీ, కుండ పగలదనీ నమ్మకం. పగిలిందా, ఆ మనిషి అబద్ధపు శివసత్తి కింద లెక్క. అప్పటికప్పుడు గుండు కొట్టించి పొలిమేర రాయి దాటిస్తారు.

ఆ పూట దొర కూడా రావాలి. చెప్పులు విడిచి, తల రుమాలు తీసి, చేతులు కట్టుకుని నిలబడాలి. కుండ మీద నిలబడిన మా వదిన ఆయన్ని "ఒరే" అనేది. "ఒరే, చెరువు తూము బాగుచెయ్యిరా" అనేది. ఆయన "సరే తల్లీ" అనేవాడు. కుండ దిగి ముఖాన నీళ్లు కొట్టాక మళ్లీ ఆమె బీరమ్మ. మరుసటి పొద్దున అదే బీరమ్మ గడి వాకిలి ఊడ్చేవాళ్లలో తలవంచుకుని ఉండేది. మా ఊళ్లో ఆడదాని నోటికి ఏడాదికి ఒక్క పూట సెలవుండేది. అది కూడా అమ్మ పేరు మీద.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను, అమ్మ నిజంగా వస్తుందా అని. వదిన కదురు ఆపకుండానే, "వస్తది. రాని ఏడు నేనే సర్దుకుంట. మందల గొర్రె తక్కువైతే నువ్వు మీ అన్నకు ఏదో ఒకటి చెప్పి సర్దుకోవా, గట్లనే" అంది. 

ఆ ఏడు దొర తన చిన్నబిడ్డ పెళ్లి పెట్టుకున్నాడు. పెళ్లికొడుకుది నల్లగొండ దిక్కు, మా గడిని మించిన గడి. ఆ మాట తెలిసినప్పటి నుంచి ఆడపిల్లలున్న ఇళ్లల్లో తలుపులు పగలు కూడా దగ్గరికి వేసి ఉండేవి. ఎందుకంటే దొరసాని అత్తవారింటికి ఒట్టి చేతులతో పోదు. పెట్టెలు పోతాయి, పశువులు పోతాయి, వాటితోపాటు ఒక ఆడపిల్ల పోతుంది. ఆ పిల్లను ఆడబాప అంటారు. దొరసానికి మొదటి గిలాస నీళ్లు అందించడం ఆడబాప పని. కాళ్లు పిసకడం, మంచం పక్కన కింద పడుకోవడం ఆమె పని. ఆ గడిలో మగవాళ్లు ఎవరు పిలిచినా లేచిపోవడం కూడా ఆమె పనే. ఆమెకు పెళ్లి లేదు. పిల్లలు పుడితే వాళ్లకు తండ్రి పేరు లేదు. తిరిగి రావడం అసలే లేదు.

లేదంటే అసలు లేదని కాదు. దొర పెద్దబిడ్డ వెంట ఆడబాపగా పోయిన గోపమ్మ ఒక్కసారి వచ్చింది, తల్లి చచ్చిపోతే. నేను చూశాను. సొంత తల్లి ఇంటి గడప బయటే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. పక్కింట్లో ఎవరో ఎడ్లను అదిలించి గట్టిగా కేకేస్తే, "వస్తున్న దొరా" అని ఉలిక్కిపడి రెండడుగులు నడిచింది. శవం ముందు ఉన్నవాళ్లంతా ఏడుపు ఆపేశారు. ఆ వానకాలంలోనే ఆమె బావిలో జారిపడిందని కబురొచ్చింది. ఆ బావికి నడుమెత్తు గోడ ఉందని కబురు తెచ్చినవాడే చెప్పాడు.

గడి ఎవర్నీ అడగదు. ఒక పొద్దున చేటలో చీర వస్తుంది, అంతే. నారాయణపేట చీర, పసుపు రంగు, ఎర్ర అంచు. మీద పసుపు కొమ్ములు, కుంకుమ. చేటను గడప మీద పెట్టి గడి మనిషి వెళ్లిపోతాడు. ఏ గడప మీద చేట ఉంటే ఆ ఇంటి పిల్ల పోవాలి.

ఆ ఏడు చేట మా అన్న గడప మీదికి వచ్చింది. యాదలక్ష్మి పెద్దమనిషై అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఏడుపులు పెడబొబ్బలు రాద్దామంటే ఏమీ జరగలేదు. అన్న గొర్రెలను తోలుకుని వెళ్లిపోయాడు. వదిన చీరను దండెం మీద వేసి ఉన్ని ముందర కూర్చుంది. కొత్త చీర గంజివాసన ఇల్లంతా కమ్ముకుంది. యాదలక్ష్మి ఆ దండెం కింది నుంచి నడవకుండా గోడ పట్టుకుని చుట్టూ తిరిగి పోయేది. 

ఊళ్లో మాత్రం బావి దగ్గర ఆడవాళ్లు ఒకటే అనుకున్నారు. పండుగ దగ్గర్లోనే ఉంది, కుండెక్కేది బీరమ్మే, అమ్మ చేత చెప్పిస్తుంది, అమ్మ మాట దొర కాదనలేడు. నేను కూడా అదే అనుకున్నాను. ధైర్యం వచ్చి ఆ పూట కడుపునిండా తిన్నాను. కాని మా ఊళ్లో గుసగుస గడి దాకా పోవడానికి గాలి కూడా అక్కర్లేదు.

పండుగ ముందర ఒక సాయంత్రం కుమ్మరి దశరథం మా దొడ్డి దగ్గరికి వచ్చాడు. గొర్రె ఎరువు కావాలన్నాడు. ఎరువు చూడలేదు, నన్నూ చూడలేదు. గుట్ట దిక్కు చూస్తూ నెమ్మదిగా ఒక సంగతి చెప్పాడు. అది వాళ్ల తాతలనాటి గుట్టు. పండుగ కుండను నిజంగా పచ్చిగా ఇవ్వరట. అడుగును కాసేపు వేడి బూడిదలో పెట్టి తీస్తారట. చూస్తే పచ్చిగానే ఉంటుంది, మనిషిని మాత్రం మోస్తుంది. పాపం ఆడమనిషి ఎందుకు పడాలి అని వాళ్ల తాత మొదలుపెట్టాడట. అమ్మకు కూడా తెలిసే ఉంటుంది, ఏమీ అనలేదు.

ఈ ఏడు గడి జవాను వచ్చి కుండ చేసే సారె పక్కన కూర్చున్నాడట. కుండ సారె మీది నుంచి దిగేదాకా కదల్లేదట. తడి ఆరకముందే దాన్ని తడి గోనెలో చుట్టి తీసుకుపోయాడట.

"వేలు పెడితే వేలు దిగుతది మల్లప్పా. కాలు పెడితే ఏమైతదో నువ్వే చెప్పు" అన్నాడు దశరథం. ఎరువు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

నేను ఇంటికి పోయి చెప్పాను. అన్న చాలా రోజుల తర్వాత నోరు తెరిచి, జ్వరమని పడుకో, కుండెక్కకు అన్నాడు. నేనేమో పిల్లను తీసుకుని కృష్ణ దాటి రాయచూరు దిక్కు పోదామన్నాను. చెప్పాక నాకే గుర్తొచ్చింది, ఏటి రేవు దగ్గర గడి గుర్రాలు కట్టేసి ఉండటం పొద్దున మందకు పోయినప్పుడు చూశాను. గోపమ్మ నాటి నుంచి చీర పంపిన ప్రతిసారీ అవి అక్కడే ఉంటాయట.

వదిన అంతా విని ఒకటే అడిగింది.

"అంటే, అమ్మను నా మీదికి రానియ్యకుంట జేస్తున్నరు. గంతే కదా?"

అంతే అన్నాను.

"సరే" అంది. లేచి కడుపునొప్పి అని చెప్పి జానమ్మ దగ్గరికి పోయింది.

జానమ్మ గురించి చెప్పాలి. ఆమె మాదిగవాడ మనిషి, మా చుట్టుపక్కల అందరికీ మంత్రసాని. మొగుడు ఏసోబు డప్పు కొడతాడు. దొరల కింద ఉండలేక వాళ్లు ఏసు దేవుణ్ణి నమ్ముకున్నారు. పేర్లు మారాయి. పండుగ పండుగకూ గడి ముందర డప్పు వెట్టి మాత్రం మారలేదు. మా ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట పట్టుకున్నవి జానమ్మ చేతులే. నన్ను కూడా. నేను పుడుతూనే నవ్వాననీ, ఆమె భయపడి కింద పెట్టబోయిందనీ నేను చెబుతుంటాను. ఆ సంగతి వదిలెయ్యండి. బిడ్డ పుట్టేదాకా జానమ్మ ఇంట్లోపలికి రావచ్చు, తల్లినీ బిడ్డనూ ముట్టుకోవచ్చు. స్నానమైపోయి ఇల్లు అలికారా, ఆ తర్వాత ఆమె గడప దాటకూడదు. ఆమె కుండలో నీళ్లు ఎవరూ ముట్టకూడదు. ముడితే కులం పోతుంది. ఇది గడి ఆచారమే కాదు, మా కురుమల ఆచారం కూడా.

వాళ్లిద్దరూ ఆ సాయంత్రం ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడిగితే వదిన, "నీకు చెప్తె కథ జేస్తవు" అంది. అదొక్కటే ఆ రోజుల్లో ఆమె నాతో అన్న నవ్వులాట మాట.

పండుగనాడు మధ్యాహ్నం వడగాలి ఎట్లా కొట్టిందంటే, గుడి మీద వాలిన కాకి లేవలేక అక్కడే ఉండిపోయింది. గుడి ముందర వేపమండల తాడు కట్టారు. తాడుకు ఇవతల ఊరు, అవతల డప్పులవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు. జానమ్మ అక్కడే, డప్పు కొట్టేవాళ్ల దాహానికి తెచ్చిన నీళ్ల కుండ పక్కన నిలబడి ఉంది. గుడి ముందర కొత్త బట్ట మీద పచ్చి కుండ బోర్లించి ఉంది. నల్లగా, తడిగా, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలాగ మెరుస్తోంది. దశరథం అప్పటిదాకా తన కుండ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

దొర వచ్చాడు. వెనక గడి కుక్కలు, జవాన్లు. పక్కన పెళ్లికొడుకు మేనమామ. పెళ్లి పనులు మాట్లాడటానికి వచ్చినవాణ్ణి మా ఊరి వింత చూపిస్తానని తీసుకొచ్చాడు. దొర చెప్పులు విడిచాడు, రుమాలు తీశాడు, చేతులు కట్టుకున్నాడు. ముఖం మీద నవ్వుంది. ఆ నవ్వును నేను కిందికి చూస్తూనే చూశాను. ఎట్లా అని అడగకండి.

మా వదిన వచ్చింది. ముఖాన పసుపు, చేతిలో వేపమండ, విరబోసిన జుట్టు. యాదలక్ష్మి గుడి గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఒంటి మీద ఆ పసుపు చీర. అట్లాగే కట్టించి తీసుకురమ్మని గడి చెప్పింది. డప్పు లేచింది. వదిన ఊగింది. ఆడవాళ్లు పూనకంతో శిగాలూగుతూ దారి ఇచ్చారు. ఆమె కుండ దగ్గరికి వచ్చి కుడి కాలు ఎత్తి దాని మీద పెట్టింది.

కుండ దిగబడింది. పగల్లేదు, ఆమె వేళ్ల కింద మెత్తగా కొంచెం లోపలికి దిగింది. అది చూసినవాళ్లం ముగ్గురమే. నేను, దశరథం, దొర. వదిన ఇంకా బరువు మోపలేదు. ఏసోబు డప్పు దానంతటదే ఆగిపోయింది.

ఆమె కాలు తీసేసింది. మట్టి మీద ఐదు వేళ్ల గుర్తులు మిగిలాయి. తర్వాత రెండు కాళ్లూ నేల మీద పెట్టి నిలబడి, వేపమండ పక్కన పడేసి, రెండు చేతులూ ఎత్తి జుట్టు ముడేసుకుంది.  అమ్మ ఉన్నంతసేపు శివసత్తి జుట్టు ముట్టుకోదు. ముడేసుకుందంటే ఇక అక్కడ ఉన్నది ఉన్ని వడికే బీరమ్మ.

"ఏమే బీరీ, అమ్మ రాలేదా?" అన్నాడు దొర. గొంతులో తేనె.

"రాలే దొరా. ఇయ్యాల నేనే వచ్చిన."

 వడగాలి ఆగిందని రాయాలనుంది, ఆగలేదు.

"నా బిడ్డ రాదు" అంది వదిన.

దొర పెళ్లికొడుకు మేనమామ వైపు తిరిగి నవ్వాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి నవ్వు పోయింది. "అమ్మ చెప్తె చేతులు కట్టుకొని ఇంటం. బీరి చెప్తె ఇనుడు ఏందే? చీర కట్టిన పిల్ల పొద్దుగూకక ముందే గడిల ఉండాలె" అన్నాడు. జవాన్లు యాదలక్ష్మి దిక్కు కదిలారు.

అప్పుడు మా వదిన తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. గడ్డం దాకా కాదు, మీసం దాకా, దాని పైన కళ్ల దాకా. చూస్తూనే తాడు అవతలికి పిలిచింది.

"జానక్కా, జర నీళ్లు దే."

జానమ్మ కుండ చంకన పెట్టుకుని, వేపమండల తాడు ఒక చేత్తో పైకెత్తి, దాని కింది నుంచి ఇవతలికి వచ్చింది. ఊరు వెనక్కి జరిగింది. తోడేలు వాసన తగిలితే మంద ఎట్లా జరుగుతుందో నాకు బాగా తెలుసు, అచ్చం అట్లాగే జరిగింది. ఏసోబు తల తిప్పుకోలేదు. డప్పును రొమ్ముకు అదుముకుని నిలబడ్డాడు. వదిన దోసిలి పట్టింది. జానమ్మ పోసింది. వదిన గుటగుటా తాగింది, ఆ చప్పుడు అందరికీ వినబడింది. తర్వాత కూతుర్ని పిలిచింది. జవాన్ల మధ్య నుంచే యాదలక్ష్మి వచ్చింది. పిల్ల దోసిట్లోంచి సగం నీళ్లు ఆ చీర మీదే పడ్డాయి. మిగతా సగం తాగింది.

వదిన చీర కొంగుతో కూతురి మూతి తుడిచి, దొర వైపు తిరిగింది.

"నా బిడ్డ జానక్క చేతి నీళ్లు తాగింది దొరా. ఇగ మీ బిడ్డకు గిలాస ఎట్ల అందిస్తదో చెప్పుండ్రి. మీ వియ్యాలోళ్లు గుడ చూసిండ్రు."

పెళ్లికొడుకు మేనమామ అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. దొర చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో వినబడలేదు కాని, దొర చెయ్యి ఎత్తడం, జవాన్లు ఆగిపోవడం అందరం చూశాం. దొర ఆ పిల్లను కొట్టించగలడు, చంపించగలడు. తన బిడ్డ వెంట పంపడం మాత్రం ఆయన చేతిలో లేదు. గడి ఆచారమే ఆయన చెయ్యి పట్టుకుంది.

కోపం తిరగాల్సిన చోటికి తిరిగింది. నీకు దినాలు దగ్గరపడ్డాయన్నాడు జానమ్మతో. జానమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కుండ కింద పెట్టి చేతులు చూపించింది.

"చిన్న దొరసాని పుట్టినప్పుడు గుడ మొదలు పట్టింది ఈ చేతులే. అప్పుడు ఎవలు వాసన చూడలే దొరా."

 దొర గుడి ముందరే, తాడు లోపలే, చెప్పులు తొడుక్కున్నాడు. అట్లా ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు. ఒక చెప్పుకాలు తీసి పచ్చి కుండ మీద పెట్టి నిదానంగా తొక్కాడు. పచ్చి కుండ పగిలితే చప్పుడు కాదు. మట్టి అణిగిపోతుంది, అంతే. ఆయన మా వదినతో, "పెండ్లి కానియ్. ఎండకాలం ఇంక శాన ఉంది" అని చాలా మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. కుక్కలు కూడా మొరగకుండా వెనక పోయాయి.

పెళ్లి జరిగింది. దొరసాని బండి మా వీధి నుంచే పోయింది. ఆమె కాళ్ల దగ్గర ఆడబాప కూర్చునే చోట ఒట్టి చాప పరిచి ఉంది. తెర సందులోంచి ఆ చిన్న దొరసాని మా ఇంటి వైపు చూసిందని యాదలక్ష్మి చెబుతుంది. ఏ రకంగా చూసిందంటే చెప్పలేనంటుంది. ఇట్లాంటి చోట నేనైతే ఏదో ఒకటి కల్పించేవాణ్ణి. ఆమె కల్పించదు.

తర్వాత దొర అన్న ఎండకాలం మొదలైంది. మొదట మా కులం పెద్దలే వచ్చారు. మా ఇంటికి నిప్పు లేదు, నీళ్లు లేవు, ఊరి బావి మెట్టు తొక్కవద్దన్నారు. పెళ్లాన్ని వదిలేసి శుద్ధి చేయించుకుంటే ఐలేశానికి కులం ఉంటుందన్నారు. మా అన్న అంతా విన్నాడు.  లేచి గొంగడి భుజాన వేసుకుని మాదిగవాడకు నడిచిపోయి, జానమ్మ ఇంటి ముందర కూర్చుని, పెద్దలంతా చూస్తుండగా చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. వెనకే పోయి నేనూ తాగాను. ఎండకు దాహమేసి తాగానని ఇప్పటికీ అంటుంటాను.

ఒక పొద్దున ఏసోబును గడికి పిలిచారు. తిరిగి వచ్చినప్పుడు కుడిచేతి వేళ్లు డప్పు పుల్ల పట్టే తీరులో లేవు.  జానమ్మ పసుపు నూరి కట్టింది. ఆ తర్వాత గడి తలుపు మూలిగినప్పుడల్లా మా వాడలో మాట్లాడేవాళ్లు మాట మధ్యలో ఆపేసేవారు. గుర్రాలు ఎటు పోతున్నాయో చప్పుడును బట్టి చెప్పుకునేవాళ్లం. మా దిక్కు రాలేదంటే ఈ పూటకు రాలేదని.

మేము నీళ్లకు వాగులోకి పోయేవాళ్లం. ఎండిన వాగు ఇసుకలో మాదిగవాడ వాళ్లు తవ్వుకున్న చెలిమె ఉండేది. మోకాలి లోతు గుంట, అందులో నీళ్లు ఊరుతుంటే సొరకాయ బుర్రతో ముంచుకోవాలి. ఒకనాడు పోతే చెలిమెలో చచ్చిన కుక్క ఉంది. గడి కుక్కే. మెడ చుట్టూ తాడు గుర్తు ఉంది. తన కుక్కను తానే చంపించి వేసినవాడు ఇంకేమి చెయ్యడు? వదిన ముక్కు మూసుకుని కాస్త పైకి నడిచి, కొంగు బిగించి, చేతులతో ఇంకో గుంట తవ్వడం మొదలుపెట్టింది. జానమ్మ, యాదలక్ష్మి ఆమె పక్కన కూర్చున్నారు.

ఆ కొత్త చెలిమె దగ్గరికి మొదట వచ్చింది దశరథం పెళ్లాం రామమ్మ. బాగా కాల్చిన ఎర్రకుండ, వెంట ఎదిగిన కూతురు. ఎందుకొచ్చావమ్మా అంటే, ఊరి బావి ఉప్పగా అయిందంది. ఆ బావి నీళ్లు ఎంత తియ్యనివంటే వాటితో వండితే పాయసానికి బెల్లం అక్కర్లేదు. అయినా నేనేమీ అనలేదు. మరునాడు సాకలి గుర్వమ్మ వచ్చింది, కూతుర్ని తీసుకుని. ఆమెకూ బావి ఉప్పగానే ఉందట. తర్వాత గడి వాకిలి ఊడ్చే బాలనర్సమ్మ వచ్చింది. అబద్ధాలు చెప్పడంలో నాకంటూ ఒక పేరుండేది. ఆ ఎండకాలం మా ఊరి ఆడవాళ్లంతా కలిసి ఒకే అబద్ధం చెప్పి నా పేరు పోగొట్టారు.

చెలిమె నీళ్లు ఊరడానికి సమయం పడుతుంది. ఒకరు ముంచుకుంటుంటే మిగతావాళ్లు ఇసుకలో కూర్చుని మాట్లాడుకునేవారు. గోపమ్మ గురించి మాట్లాడుకునేవారు. ఎవరి పిన్ని, ఎవరి మేనత్త ఏ దొరసాని వెంట పోయిందో, అంతకుముందు ఎవరూ నోటికి తేని పేర్లన్నీ ఆ ఇసుకలో వినబడ్డాయి. పోయేముందు ప్రతి తల్లీ తన బిడ్డను జానమ్మ ముందర కూర్చోబెట్టేది. జానమ్మ బుర్రతో పోసేది. పిల్ల దోసిలి పట్టి తాగేది. కులం పెద్దలు వాళ్ల ఇళ్ల ముందరికీ పోయారు, కాని నాలుగిళ్లను వెలి వేయవచ్చు, అన్ని ఇళ్లనూ వేస్తే మిగిలేది పెద్దలొక్కరే. ఎండకాలం సగం అయ్యేసరికి గడి నుంచి చేట బయలుదేరితే దించడానికి మా ఊళ్లో గడప లేదు. గడికి పనికొచ్చే ఆడపిల్ల ఒక్కతీ మిగల్లేదు.

ఇది దొరకు తెలియకుండా ఉంటుందా?

ఒకనాడు పొద్దు పడమటికి వాలుతుండగా గడి తలుపు మూలిగింది. ఈసారి గుర్రాల చప్పుడు మా దిక్కే వచ్చింది. నేను వాగు గట్టు మీద గొర్రెలను నీడకు తోలుకుని ఉన్నాను. గొర్రెలన్నీ ఒకేసారి తల ఎత్తి, ఒకదాని కింద ఒకటి దూరాయి. గుర్రాలు గట్టు మీద బారుగా నిలబడ్డాయి. మధ్యలో దొర, ఇరుపక్కలా తుపాకులు. కింద ఇసుకలో చెలిమె చుట్టూ ఆడవాళ్లు.

దొర కనబడితే ఆడవాళ్లు లేచి, పక్కకు తిరిగి, తలవంచి నిలబడాలి. మా తాతల కాలం నుంచి అంతే. రామమ్మ సగం లేచింది. మా వదిన ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగింది. ఇక ఎవరూ లేవలేదు.

బీరమ్మ ఎవరని ఒక జవాను గట్టు మీది నుంచి అడిగాడు. వాడికి తెలియక కాదు. ఎవరైనా వేలు చూపిస్తారేమోనని. జానమ్మ ఇసుక చదును చేస్తోంది. బాలనర్సమ్మ కుండకు కుదురు సర్దుకుంటోంది. మా వదిన మాత్రం తల ఎత్తి దొర ముఖంలోకి మళ్లీ చూసింది. అంతసేపు ఏం చూశావని తర్వాత నేను అడిగితే, "మీసం చూసిన. నిమ్మకాయ కాదు, కందిగింజ గుడ నిలువది" అంది.

కాని అది తర్వాతి మాట.  ఆ ఎండలో తుపాకీ గొలుసు ఒకటి గలగలమని ఆగింది. గట్టు మీది గుర్రాల నీడ కింద చెలిమె మీద పడి, ఊరుతున్న నీళ్లు నల్లగా కనబడ్డాయి.

వంతు యాదలక్ష్మిది. ఆమె ఒకసారి తల్లి వైపు చూసి, ముందుకు వంగి, బుర్రను ఆ నీడలోకి ముంచింది.